మేనమామల గోధుమలు

మా ఫోర్‌మన్ చనిపోయాడని నాకు బస్సు మెట్టు మీద తెలిసింది. సౌదీలోని దమ్మాములో మా క్యాంపు నుంచి వర్క్‌షాపుకు మమ్మల్ని తీసుకుపోయే బస్సు అది. దాన్ని నడిపే ఖాదర్ రాయచోటి మనిషి. నేను ఒక కాలు మెట్టు మీద పెట్టాను, ఇంకో కాలు నేల మీదనే ఉంది. ఖాదర్ తన ఫోను నా ముఖం ముందు పట్టుకున్నాడు.

"అన్నా, మన ఫోర్‌మన్ ఇంక లేడంట. వాళ్ల చెల్లెలు మెసేజ్ పెట్టింది."

"ఎప్పుడు?"

"మొన్న ఆదివారమంట. ఇంట్లోనే, మంచం మీదనే పోయినాడంట. ఎక్కు అన్నా, ఎనక మనుషులుండారు."

ఎక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాను. వర్క్‌షాపులో దిగి రోజూ కోసినన్ని పైపులే కోశాను. ఒక్కటి కూడా తప్పు పోలేదు. అది నాకు ఇప్పటికీ అర్థం కాదు. మనిషి పోయాడని విన్నాక ఒక్కటైనా తప్పు పోవాలి కదా. ఏడుపు కూడా రాలేదు. ఒకటే మాట తలలో తిరిగింది. ఆయన పోయేముందు నన్ను ఒకటి అడిగాడు. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఇప్పుడు జవాబు ఎవరికి చెప్పాలి?

ఇది చదివే మీకు ఆయన తెలియదు. ఆయనది రుమేనియా. ఆయన వచ్చేదాకా అట్లాంటి దేశం ఒకటి ఉందని నాకూ తెలియదు. నేను మా జగిత్యాల దిక్కు పల్లెలో ఏడో తరగతి దాకా చదివాను. మా బడి గోడ మీది ప్రపంచపటంలో ఆ మూల చెదలు తినేసింది. ఈ వయసులో పేపరుకు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

మా వర్క్‌షాపులో చమురు బావుల పైపులు బాగుచేస్తారు. పైపు కొసకు ఇంకో పైపు బిగేలా త్రెడ్లు కోసే మిషన్ మీద నా పని. నేను కోసినదాన్ని గేజుతో చూసి, పనికొస్తుందో రాదో పైపు మీద సుద్దతో రాయడం ఆయన పని. ఎనిమిదేళ్లు ఆయన బల్ల, నా మిషను పక్కపక్కనే ఉన్నాయి. నన్ను ఆయన ‘వెచినే’ అని పిలిచేవాడు. వాళ్ల భాషలో పొరుగాయనా అని. నా పేరు ఆయనకు తెలుసు. అయినా జీతం కాగితం మీద తప్ప ఎప్పుడూ వాడలేదు.

మేమిద్దరం ఏ భాషలో మాట్లాడుకున్నామో చెప్పడం కష్టం. సగం హిందీ, కొంత అరబ్బీ, మిగతాది చేతులు. ఆయన మాటలు నా చెవిలో పడేసరికి మా ఊరి మాటలైపోయేవి. అందుకే అట్లనే రాస్తున్నాను.

ఆయన గేజును పాత బనీను గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు. వాడేముందు దాని మీద నోటితో ఆవిరి ఊది తుడిచేవాడు, కళ్లద్దాలు తుడుచుకున్నట్టు. కిందపడిన రొట్టెముక్కను తీసి ముద్దుపెట్టుకుని పక్కన పెట్టేవాడు, తొక్కనిచ్చేవాడు కాదు. నేను తొందరపడి కోసీ కోయంగానే పిలిస్తే రాకపోయేవాడు. "వేడి మీదున్న ఇనుమును కొలవకు వెచినే, అది అబద్ధం చెప్తది" అనేవాడు. చల్లారేదాకా ఇద్దరం పైపుకు అటొకరం ఇటొకరం ఊరికే నిలబడేవాళ్లం. నాకు మాటలు తక్కువ. ఆయనకూ అంతే. ఆ నిలబడటమే మాకు స్నేహం.

అసలు మొదలైంది మక్క గటకతో, అంటే మొక్కజొన్న సంకటితో. ఒక మధ్యాహ్నం ఆయన డబ్బా మూత తీస్తే లోపల పసుపుపచ్చగా, గట్టిగా, గటక. నేను ఎవరి డబ్బాలోకీ చూడను. ఆ రోజు చూశాను. "గటక" అని పైకే అనేశాను. ఆయన ‘మమలిగ’ అన్నాడు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను నా ఉల్లిగడ్డ చిదిమి సగం ఇచ్చాను. ఖాదర్ అటు పోతూ చూసి, "ఏందబ్బా ఇది, తెల్లోడు గూడా సంగటి తింటాడే! రేపు మా జుబేదాకు ఫోన్ జేసి చెప్తా, ఇంగ రొట్టెలు అడగనని" అన్నాడు. ఫోర్‌మన్‌కు ఏమర్థమైందో, ఖాదర్‌కు కూడా ఒక ముద్ద పెట్టాడు.

గోధుమల సంగతి ఆ ఏడే వచ్చింది. చలి మొదలవబోయే ముందు వాళ్లకు పెద్దల శనివారం ఒకటి ఉంటుంది. మన పెత్రమాస లాంటిది. అప్పుడు మాకు తెలియదు. ఆ శనివారం టీ టైముకు ఆయన రెండు స్టీలు గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఉడికించిన గోధుమలు, చక్కెర, అక్రోటు ముక్కలు, పైన నిమ్మతొక్క తురుము. గోధుమలు కొన్నచోట సౌదీ ముసలాయన, వాళ్ల గోధుమ జావ జరీష్ వండుకుంటావా అని అడిగితే అవునన్నాడట, చెప్పడం ఎందుకని.

తీపి చూసి నేను పుట్టినరోజనుకున్నాను. ఖాదర్ చెవిలో చెప్పాను. ఖాదర్ చెవిలో చెప్పడమంటే మైకులో చెప్పడమే. చప్పట్లు మొదలయ్యాయి. పాకిస్తాన్ క్రేన్ ఆపరేటర్ పైనుంచి హారన్ కొట్టాడు. పాట కూడా పాడారు. ఆయన గరిటె పట్టుకుని అట్లనే నిలబడ్డాడు. తర్వాత నవ్వాడు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"తిరగేసి పట్టుకున్నరు మీరు. ఇది పుట్టినోళ్లకు కాదు, సచ్చినోళ్లకు."

చెంచాలన్నీ ఆగిపోయాయి.

"తినుండ్రి, తినుండ్రి. మనిషి తింటనే వాళ్లకు ముడుతది. తిని ‘బొగ్దాప్రోస్తే’ అనాలె. దేవుడు క్షమించాలె అని."

ఖాదర్‌కు ఆ మాట తిరగలేదు. "అల్లా కబూల్ చేయనీ, అదే ఇది" అన్నాడు. ఫోర్‌మన్ సరే అన్నట్టు తలూపాడు. మొదటి గిన్నెలోంచి వడ్డిస్తూ ఒక పేరు చెప్పాడు. రెండో గిన్నెలోంచి వడ్డిస్తూ ఏ పేరూ చెప్పలేదు. "ఇది కూడా తినుండ్రి" అన్నాడంతే.

తర్వాతి ఏడు నేను తెలివైనవాణ్ననుకుని ఒక పని చేశాను. పెద్దల కోసమని తెలిసింది కదా. నా కప్పులో వేసిన రెండో గిన్నె గోధుమలను తినకుండా తీసుకుపోయి, కంప్రెసర్ గది వెనక గోడ మీద పెట్టి పక్కకు జరిగి నిలబడ్డాను. మా దిక్కు పెద్దలకు పెట్టింది పిట్ట ముట్టాలి. ఇక్కడ కాకులు కనబడవు గానీ పావురాలున్నాయి. ఒకటి వాలింది.

"వెచినే!"

ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. పావురం లేచిపోయింది.

"ఏం జేస్తున్నవ్? నీకు నచ్చకపోతే నాకు తిరిగియ్యాలె గదా!"

"నచ్చక కాదు సార్. మా దిక్కు పిట్ట ముడితేనే వాళ్లకు ముట్టినట్టు."

"పిట్ట ఏమంటది? మనిషి తిని, నోటితోని అనాలె. పిట్ట అంటదా?"

"మరి మనిషికి ఎవరికోసం తింటున్నమో తెల్వకపోతే?" అన్నాను. వాదించాలని కాదు, నిజంగానే అడిగాను. "ఈ గిన్నెకు మీరు పేరు చెప్పలే. పేరు తెల్వనిది పిట్టకు పెట్టినా ఒకటే అనుకున్న."

ఆయన ముఖంలో కోపం పోయింది. కానీ దాని స్థానంలో వచ్చిందేమిటో నాకు తెలియలేదు. అక్కడున్న పాత పైపు మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. టీ టైము అయిపోయినట్టు గంట మోగినా లేవలేదు.

"ఇద్దరూ మా అమ్మ అన్నలు. నాకు మేనమామలు. నేను ఇద్దర్నీ చూడలే. ఒకే ఏడు పోయిండ్రు" అన్నాడు.

ఆ ఏడు ఆయన పుట్టడానికి చాలా ముందు. వాళ్ల దేశానికి అది రెండో ప్రపంచ యుద్ధంలో నాలుగో ఏడట. ఆయన తల్లికి పదేళ్లు. వాళ్ల పల్లె చమురు కార్ఖానాలున్న పట్నం పక్కనే. ఎండాకాలానికి ముందే అమెరికా విమానాలు వచ్చి కార్ఖానాల మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయి. పట్టపగలు ఆకాశం నల్లగా అయ్యేది. "ఆ ఏడు ఎట్ల గడిచిందవ్వా అంటే మా అవ్వ, మా అమ్మను కన్నామె, మొదలు దుప్పటి ముచ్చట చెప్పేది. ఉతికి ఆరేస్తే మసి పడేదట. మళ్ల ఉతికేది. ఒక్కటే దుప్పటి దినాం మూడుసార్లు. యుద్ధమంటే అంతే అనేది."

అప్పుడు వాళ్లు జర్మనీవాళ్లతో కలిసి రష్యా మీద కొట్లాడుతున్నారు. పెద్దమామ మూడేళ్లుగా తూర్పున ఉన్నాడు. ఆ వసంతంలో సేన వెనక్కి వస్తుంటే చనిపోయాడు. రాజు ముద్ర వేసిన కాగితం ఇంటికి వచ్చింది. వీరుడు అని రాసి ఉంది. వాళ్లింట్లోనే ఇద్దరు జర్మనీ సిపాయిలు దిగి ఉండేవారట. అవ్వ ఏడుస్తుంటే వాళ్లలో ఒకడు పొయ్యి దగ్గర కూర్చుని, ఎప్పటినుంచో ఆగిపోయిన గోడ గడియారాన్ని విప్పి బాగుచేశాడు. ఏం చెప్పాలో తెలియక అట్లా చేశాడేమో.

"ఆగస్టుల ఒకనాడు రేడియోల రాజు మాట్లాడిండు. రష్యావాళ్లతోని కొట్లాట ఖతం అన్నడు. ఊరంతా బయటికొచ్చి ఎగిరిండ్రు. పాదిరి గంట కొట్టిండు. తెల్లారినంక ఎరుకైంది. యుద్ధం అయిపోలే, దుష్మన్ మారిండు."

"మరి ఇంట్లున్న ఆ ఇద్దరు?"

"పొద్దుగాల మా అవ్వ మమలిగ పెట్టింది. తిన్నరు. తుపాకులు తీసుకున్నరు. తలుపుకాడ నిలబడ్డరు. కాల్చాల్నా, దండం పెట్టాల్నా వాళ్లకూ తెల్వదు. మా అమ్మ మళ్లెప్పుడొస్తరని అడిగిందట. అవ్వ దాని నోరు మూసింది. పోయిండ్రు. గడియారం మాత్రం నడుస్తనే ఉంది."

నేను నవ్వాలా వద్దా అని చూశాను. ఆయన నవ్వుతున్నాడు.

"బడి ముచ్చట విను. ఎండాకాలం ముంగట పంతులు జర్మనీవాళ్ల పాట నేర్పిండు. సెలవులైనంక అదే పంతులు, అదే బెత్తం, రష్యావాళ్ల పాట. మా అమ్మ లేచి నిలబడి, ‘పంతులూ, ఇయ్యాల దుష్మన్ ఎవరు?’ అన్నది. చెంప మీద ఒక్కటి పడ్డది. ‘కొట్టిండు గాని జవాబు చెప్పలే’ అనేది, ముసల్ది అయినంక కూడ."

చిన్నమామకు పందొమ్మిదేళ్లు. ఆకులు రాలే కాలంలో అతన్ని తీసుకుపోయారు. ఈసారి రష్యావాళ్ల పక్కన నిలబడి, పడమటికి, జర్మనీవాళ్ల మీదికి. సంవత్సరం అయిపోకముందే మంచుకొండల్లో పోయాడు. మళ్లీ కాగితం వచ్చింది. మళ్లీ రాజు ముద్ర. మళ్లీ వీరుడు.

"ఒకే అవ్వ కొడుకులు. ఒకే యూనిఫారం. ఒకే ఏడు. పెద్దోని పక్కన నిలబడ్డోడే చిన్నోన్ని కాల్చిండు. ఇగ నువ్వు చెప్పు వెచినే, నాకు సమజ్ కాదు."

నాకూ కాలేదు. ఇప్పటికీ కాలేదు.

ఆ తర్వాత రాజు పోయాడు. రష్యావాళ్ల అండతో కొత్త సర్కారు వచ్చింది. ఊరి నడుమ రాయి పాతి యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కించింది. ఆగస్టు తర్వాత పోయినవాళ్లవి మాత్రమే. చిన్నమామ పేరు రాయి మీదికి ఎక్కింది. పెద్దమామ కాగితాన్ని అవ్వ పిండిడబ్బా అడుగున దాచింది. అతని పేరు గట్టిగా అంటే ఇంటి మీదికి ఎవరొస్తారో అని భయం. అందుకే పెద్దల శనివారం రెండు గిన్నెలు వండి, ఒకటి పేరు చెప్పి పంచేది. రెండోది పంచుతూ, ఇది కూడా తినండి అనేది. ఊరివాళ్లకు తెలుసు. ఎవరూ అడిగేవాళ్లు కాదు. అవ్వ తర్వాత ఆయన తల్లి, తల్లి తర్వాత ఆయన. చెల్లెలికి ఇవన్నీ పట్టవు. ఆయనకు పెళ్లాం పిల్లలు లేరు.

మా నాయిన కూడా ఇట్లాంటి ఒక ఏడు గురించి చెప్పేవాడు. బడిలో పొద్దున నిజాం పాట పాడేవారట. ఒక సెప్టెంబరు తర్వాత వేరే పాట పాడమన్నారు. "నోరు పాతదే, పాట కొత్తది" అనేవాడు. ఆ మాట ఫోర్‌మన్‌కు చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పలేదు. దానికి బదులు అడగరాని ప్రశ్న ఒకటి అడిగాను.

"మీ పెద్దమామ మంచోడేనా సార్?"

ఆయన గోడ మీది గోధుమల దిక్కు చూశాడు.

"తెల్వదు. అక్కడ సముద్రం ఒడ్డున పెద్ద పట్నం ఉంటది, ఉక్రెయిన్ల. రెండేండ్లు ఆయన అక్కడనే ఉన్నడు. మావాళ్లు అక్కడ మంచి పనులు చేయలే. పాపం చేసిండ్రు. అది ఇప్పుడు పుస్తకాలల్ల ఉంది. మా మామ అండ్ల ఉన్నడో లేడో. ఉత్తరాలల్ల బూట్ల గురించి రాసిండు, చలి గురించి రాసిండు. అంతే. రాయనిదాంట్ల ఏమున్నదో ఎవరికి ఎరుక?"

లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "మా అవ్వ మాత్రం రెండు గిన్నెలూ ఒక్క సైజువే పెట్టింది. నువ్వన్నది మాత్రం నిజం. పేరు చెప్పకపోతే పిట్టకు పెట్టినా ఒకటే." గోడ మీది గోధుమలను తీయలేదు. అట్లనే ఉంచి వచ్చాడు.

ఆ తర్వాత ప్రతి ఏడూ నేను చూసేవాణ్ని. రెండో గిన్నె ముట్టుకోగానే పెదవులు కదిలేవి. ఒకసారి మొదటి అక్షరం కూడా వినబడింది. అంతలోనే "ఇది కూడా తినుండ్రి" అనేసేవాడు. గేజు పట్టుకుంటే వెంట్రుకంత తేడా వదలని మనిషి, ఆ ఒక్క పేరు దగ్గర ఎందుకు వదిలేసేవాడో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు వాళ్ల ఊళ్లో భయమేమీ లేదని ఆయనే చెప్పాడు. ఆ సర్కారు కూడా పోయింది. పెద్దమామ లాంటివాళ్ల పేర్లతో రోడ్డుకు అటుపక్క ఇంకో రాయి వేశారు. "ఇప్పుడు మా ఊళ్లె రెండు రాళ్లున్నై. ఒక రాయికి పూలు పెట్టేటోళ్లు ఇంకో రాయి దిక్కు చూడరు" అని చెప్పి నవ్వాడు.

పోయిన ఎండాకాలం ఆయన చిక్కిపోయాడు. డాక్టరు ఏమన్నాడో చెప్పలేదు. ఇంక తిరిగి రాకుండా పోవడానికి ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు పెట్టుకున్నాడని ఖాదర్ చెప్పాడు. ఆఖరి రోజు బల్ల ఖాళీ చేసి నా మిషను దగ్గరకు వచ్చాడు. అప్పుడే కోసిన పైపు వేడిగా ఉంది. ఎప్పటిలాగే అటొకరం ఇటొకరం నిలబడ్డాం.

"వెచినే, ఈసారి గోధుమలు నువ్వు వండుతవా?"

నేను గుడ్డతో చేతులు తుడుచుకున్నాను.

"ప్రతి ఏడు అనుకుంట, ఈసారి ఆ పేరు అంట అని. గరిటె చేతికి రాంగనే మా అవ్వ వచ్చి గొంతుల కూసుంటది. నువ్వు బయటోనివి. నీ గొంతుల ఎవ్వరు లేరు. నువ్వు అనొచ్చు."

జేబులోంచి సుద్ద తీసి పైపు మీద రెండు పేర్లు రాశాడు. ఒక్కొక్కటి పలికి చూపించాడు. నేను తెలుగు అక్షరాల్లో నా చిన్న పుస్తకంలో ఎక్కించుకున్నాను. అంతవరకు చేశాను. నోటితో మాత్రం సరేనని అనలేకపోయాను. నాకు నలుగురి ముందు నా పేరు చెప్పాలంటేనే చెమటలు పడతాయి. పైగా నాకు తెలియని మనిషి, ఏం చేశాడో ఎవరికీ తెలియని మనిషి. దేవుడు వేరు, దేశం వేరు. అది నేను అనవలసిన పేరేనా? ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆయన సుద్దను జేబులో వేసుకున్నాడు. తన పంజా లాంటి చెయ్యి నా భుజం మీద వేసి, తీసి, వెళ్లిపోయాడు. పైపు చల్లారింది. ఆ పేర్లను నేనే తుడిచాను. త్రెడ్డు పాసైందో కాదో రాసేవాడు ఇంకా రాలేదు.

రెండు వారాలకు ఆయన జాగాలో కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. యాభై దాటినవాడు, పొడుగు, మాట తక్కువ. ఉక్రెయిన్ మనిషి. పాత ఫోర్‌మన్‌ను ఎరగడు. వచ్చిన రోజే ఎవరో వాళ్ల యుద్ధం గురించి అడిగితే "పని చూడు" అన్నాడు. టీ టైములో మాత్రం పక్కకు పోయి వాళ్లమ్మకు ఫోన్ చేస్తాడు. ఆమె అక్కడే ఉంది. ఏ ఊరని ఖాదర్ అడిగితే చెప్పాడు. సముద్రం ఒడ్డున పెద్ద పట్నం. పెద్దమామ రెండేళ్లున్న పట్నం.

ఆ మాట విని నేను నా చిన్న పుస్తకంలో ఆ పేరున్న పేజీ తీసి చూసుకున్నాను. కొన్నాళ్లకే బస్సు మెట్టు మీద చావు కబురు. ఆ తర్వాత పది రోజులకు పెద్దల శనివారం.

శుక్రవారం మధ్యాహ్నం క్యాంపు వంటగదిలో గోధుమలు ఉడికించాను. ఒక విజిల్ ఎక్కువైంది, కొంచెం మెత్తబడ్డాయి. గిన్నెలు రెండే ఉన్నాయి. మూడోది ఫోర్‌మన్ పేరు మీద కావాలి. ఖాదర్ తన టిఫిన్ డబ్బా కడిగి ఇచ్చాడు. అక్రోటు పగలగొడుతూ అన్నాడు.

"అన్నా, ఒక మాట. ఆ కొత్తాయప్ప ముందర పెద్దాయన పేరు ఎత్తొద్దులే. వాళ్ల ఊరి మీద పడినోడంటివి గదా. ఆయప్ప తల్లి ఇప్పుడు గూడా బాంబుల కింద ఉండాది. చిన్నాయన పేరు చెప్పు, మన ఫోర్‌మన్ పేరు చెప్పు. మూడోది ఊరికే పంచితే ఏం బోతాది?"

"అదే గదా ఖాదర్, వాళ్ల అవ్వ చేసింది."

"ముసిలామెకు తెలివి లేకనా చేసింది?"

అక్రోటు ముక్కలు గోధుమల్లో కలిపాను. రేపు ఏం చేస్తానో నాకే తెలియదు. అవ్వ భయపడి చెప్పలేదు. గొంతులో అవ్వ కూర్చుంటే ఫోర్‌మన్ చెప్పలేకపోయాడు. నేను ఇంకొకరి మనసు నొప్పించకూడదని చెప్పకపోతే, అది మంచితనమే అనిపించుకుంటుంది. పెద్దమామ మాత్రం అట్లనే ఉండిపోతాడు. చెబితే, బతికున్న మనిషి ఎదుట చచ్చిపోయిన మనిషిని నిలబెట్టినట్టు. ఏది పుణ్యం?

శనివారం టీ టైముకు మూడూ బల్ల మీద పెట్టాను. పాతవాళ్లకు చూడగానే తెలిసింది. ఒక్కొక్కరే బల్ల చుట్టూ చేరారు. క్రేన్ ఆపరేటర్ కిందికి దిగి వచ్చాడు. మొదట టిఫిన్ డబ్బాలోంచి పంచుతూ ఫోర్‌మన్ పేరు చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. తర్వాత చిన్నమామ పేరు చెప్పాను. పుస్తకం చూసి చెప్పాను. తిన్నవాళ్లు ఎవరి భాషలో వాళ్లు ఏదో అన్నారు.

అప్పుడు కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. దూరం నుంచే గిన్నెలు చూశాడు. బల్ల దగ్గరకు రాకముందే హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. నేనింకా ఏమీ చెప్పలేదు.

"ఇది మా ఊళ్లో కూడా వండుతరు. ఎవరికి?" అన్నాడు.

మిగిలింది రెండో గిన్నె ఒక్కటే. ఖాదర్ నా వైపు చూసి, లేదు లేదు అన్నట్టు తలాడించాడు. నేను కప్పులో గోధుమలు వేసి ఆయన చేతికిచ్చాను. చెమటలు పట్టాయి. పుస్తకం తెరిచి పేరు చదివాను.

"పాత ఫోర్‌మన్‌కు మేనమామ" అన్నాను. నా ఇంగ్లీషు పైపులకు సరిపోయేంతే. దానితోనే చెప్పాను. "రుమేనియా సిపాయి. పాత యుద్ధం. మీ పట్నంలో రెండేళ్లు ఉన్నాడు. తర్వాత చనిపోయాడు."

కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలైంది. ఆయన కప్పులోకి చూశాడు.

"మా ఊళ్లో ఏం చేసిండు?"

"తెల్వదు" అన్నాను. "వాళ్లకు కూడా తెల్వదు."

ఆయన కప్పు బల్ల మీద పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. తినలేదు కూడా. అంతసేపు ఒక మనిషి నా ముఖంలోకి చూడటం నాకు అలవాటు లేదు. అయినా నేను తల దించలేదు.

"పేరు మళ్లొకసారి చెప్పు."

చెప్పాను. ఈసారి పుస్తకం చూడలేదు. ఆయన ఆ పేరును మెల్లగా, తన నోటితో, తూకం వేస్తున్నట్టు ఒకసారి అన్నాడు. తర్వాత తన భాషలో ఇంకేదో అన్నాడు. చిన్న మాట. క్షమించమన్నాడో, క్షమించనన్నాడో, గుర్తుపెట్టుకుంటానన్నాడో. ఖాదర్‌ను అడిగితే ఖాదర్‌కూ తెలియలేదు. ఆయన్నే అడగాలి. ఇంకా అడగలేదు.

ఆ తర్వాత తిన్నాడు. చెంచా వాడలేదు. హెల్మెట్ చంకలో పెట్టుకుని, రెండు వేళ్లతో, గింజ తర్వాత గింజ. గంట మోగింది. అందరూ పనికి పోయారు. ఆయన మాత్రం ఒక చేతిలో హెల్మెట్, ఒక చేతిలో కప్పుతో షెడ్డు గుమ్మం దగ్గర ఎండలో నిలబడే ఉన్నాడు, ఏ చెయ్యి ఖాళీ చేసుకోవాలో తోచనట్టు.